ఏజెంట్ కుదిర్చిన ఇంటర్వ్యూకి వెళ్లే ముందు జాగ్రత్తలు

చాలాచోట్ల మీరు ఉద్యోగంలో చేరితేనే ఏజెంటుకు కంపెనీ నుంచి కమీషన్ వస్తుంది. అందుకే మీకు నప్పని ఉద్యోగాన్ని కూడా నప్పుతుందని చెప్పే అవకాశం ఉంది. ఫోన్‌లో విన్న మాట మీద ఆధారపడి సెలవు పెట్టకండి.

☐ కంపెనీ పేరు, హోదా, పని వివరాలు, జీతం పరిధి, షిఫ్టు, ఎన్ని రౌండ్లు, ఇంటర్వ్యూ చేసేవారి పేరు: ఇవన్నీ మెయిల్‌లో తెప్పించుకోండి.

☐ కంపెనీ పేరు చెప్పనివారికి రెజ్యూమె పంపొద్దు. ఒకే కంపెనీకి ఇద్దరు ఏజెంట్ల ద్వారా మీ పేరు వెళ్తే కమీషన్ ఎవరికన్న తగాదా వస్తుంది. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీ మిమ్మల్నే పక్కన పెట్టేయవచ్చు.

☐ కంపెనీకి పంపిన రెజ్యూమె కాపీ అడగండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. కొందరు ఏజెంట్లు ఫార్మాట్ మార్చి, మీ ఫోన్ నంబరు తీసేసి, మీకు రాని నైపుణ్యాలు కూడా చేరుస్తారు. గదిలో ఆ కాగితం చూసి ప్రశ్నలు అడిగితే అబద్ధమాడింది మీరే అవుతారు. తప్పులుంటే ముందే మెయిల్‌లో సరిచేయించండి. మీ అసలు రెజ్యూమె రెండు ప్రింట్లు వెంట ఉంచుకోండి.

☐ ముందురోజు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేసి, ఇంటర్వ్యూ ఉందో లేదో, ఖాళీ ఇంకా ఉందో లేదో కనుక్కోండి.

☐ ఆశించే జీతం ఏజెంటుకూ కంపెనీకీ ఒకే అంకె చెప్పండి.

☐ రిజిస్ట్రేషన్ పేరుతో డబ్బు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు.