కణితి పెరగడం లేదా? ఎలుకను అనుమానించే ముందు ఇవి చూడండి

పరిశోధన ఎలుకలను ఉంచే, అన్ని ల్యాబులూ కలిసి వాడుకునే యానిమల్ హౌస్‌లో పనిచేస్తాను. తరచూ వినే ఫిర్యాదు ఒకటే: "పది చిట్టెలుకలకు క్యాన్సర్ కణాలు ఇచ్చాం, నాలుగింటికే కణితి వచ్చింది. ఎలుకలు బాగాలేవు." నిజంగానే లోపం ఎలుకల్లో ఉండొచ్చు. అయినా ముందు కణాలు, తర్వాత ఇంజెక్షన్, ఆ తర్వాతే ఎలుక. ఈ వరుసలో వెతికితే ప్రాణులూ నెలలూ వృథా కావు.

కణితి రావడం లేదు, లేదా ఒక్కోదానికి ఒక్కోలా వస్తోంది

మొదటి అనుమానం మైకోప్లాస్మా, అంటే పెంచే కణాల్లో చేరే అతి చిన్న బ్యాక్టీరియా. అది చేరినా మీడియా (కణాలు పెరిగే ద్రవం) మబ్బుగా మారదు, మామూలు మైక్రోస్కోప్‌లో కనపడదు, కణగోడ లేదు కాబట్టి పెన్సిలిన్‌కు లొంగదు. ఇంజెక్షన్ తేదీ ఖాయం చేసుకునే ముందే పీసీఆర్ చేయించండి. పాజిటివ్ వస్తే ఆ ఫ్లాస్కులు పారేసి, పరీక్షించిన పాత స్టాక్ నుంచి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

కణాలు బాగుంటే చేతి పని చూడాలి. కణాలతో కలిపి ఇచ్చే జెల్, మ్యాట్రిజెల్, 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో ఐసు మీద పెట్టి కరిగించండి. టిప్పులు, సిరంజిలు, ట్యూబులు అన్నీ చల్లగా ఉండాలి. సిరంజిని పది నిమిషాలు బల్ల మీద వదిలేస్తే సూది దగ్గర చిన్న ఉండ కడుతుంది. ప్లంజర్ మొరాయిస్తుంది, బలంగా నొక్కితే లోపలిదంతా ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ఇంకో చిక్కు, కణాలు ట్యూబు అడుక్కి దిగిపోతాయి. ప్రతి సిరంజి నింపే ముందు ట్యూబును మెల్లగా తిరగేయండి. మందు ఇవ్వని కంట్రోల్ గుంపుకు ముందు, మందు ఇచ్చే గుంపుకు తర్వాత అని కణాలు ఇవ్వకండి. అన్నింటికీ ఇచ్చి, కణితులు కొలవగలిగే సైజుకు వచ్చాకే గుంపులుగా విడదీయండి.

రెండూ సరిగ్గా ఉంటే కణాలకూ ఎలుకకూ జత కుదిరిందో లేదో చూడండి. సీ57బీఎల్/6 అనే నల్ల ల్యాబ్ ఎలుకల జాతిలో మగ ఎలుక నుంచి తీసిన కణాలను అదే జాతి ఆడ ఎలుకకు ఇస్తే, ఆమె రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా గుర్తించి తిప్పికొట్టొచ్చు. కణాలు వెలుగుతూ కనపడేలా వాటిలో పెట్టిన లూసిఫరేజ్, జీఎఫ్‌పీ ప్రోటీన్లతోనూ ఈ ప్రమాదం ఉంది.

న్యూడ్ ఎలుక ఒంటి మీద తెల్లటి పొట్టు

న్యూడ్ ఎలుకలంటే బొచ్చు లేని, రోగనిరోధక శక్తి తక్కువున్న ఎలుకలు. వీపు మీద గ్లవ్‌తో నిమిరితే వేలికి సన్నటి పొలుసులు అంటుకుంటాయి. బరువు తగ్గుతుంది. కారణం చాలాసార్లు కోరినిబ్యాక్టీరియం బోవిస్. వారం పది రోజుల్లో పొట్టు రాలిపోయి ఎలుక బాగైనట్టే కనిపిస్తుంది, కానీ బ్యాక్టీరియా పోదు. యాంటీబయాటిక్‌తో పూర్తిగా వదిలించడం కష్టం. మీ గ్లవ్‌లు, క్యాబినెట్, ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకు మార్చే కణితి ముక్క, వీటన్నిటి ద్వారా పక్క ల్యాబు బోనులకూ చేరుతుంది.

అందుకే ఆ రోజే యానిమల్ హౌస్ వాళ్లకు చెప్పండి. దాచిపెడితే మరో విద్యార్థి ఏడాది కష్టం పాడవుతుంది, దయచేసి దాచకండి. చర్మం నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేయించి, పాజిటివ్ వచ్చిన బోనులను విడిగా ఉంచండి. రోజూ శుభ్రమైన గది ముందు, అనుమానమున్న గది చివర. బయటి నుంచి వచ్చే కణాలు, కణితి ముక్కలు పరీక్షించాకే లోపలికి రావాలి.

ఇమేజింగ్‌లో వెలుగు లేదు

కణితి చేతికి తగులుతున్నా స్క్రీన్ మీద ఏమీ లేకపోతే, లూసిఫెరిన్ (లూసిఫరేజ్‌తో కలిసి వెలుగునిచ్చే పదార్థం) పొట్ట కుహరంలోకి కాక పేగులోకి పోయి ఉండొచ్చు. అప్పటికి వదిలేసి మరో రోజు మళ్లీ ఇవ్వండి. సాధారణ మోతాదు కిలోకు 150 మిల్లీగ్రాములు. 10-15 నిమిషాలకు వెలుగు పతాక స్థాయికి వస్తుంది, మీ మోడల్‌కు ఆ సమయం ఒకసారి కొలిచి పెట్టుకోండి. నల్ల బొచ్చు వెలుగును మింగేస్తుంది, గీయాలి.

కొలతలు రోజుకో రకంగా

పరిమాణానికి పొడవు × వెడల్పు² ÷ 2 సూత్రం వాడతాం. పొడవు 10, వెడల్పు 8 మిల్లీమీటర్లయితే 320. వెడల్పును 9 అని చదివితే 405. ఒక్క మిల్లీమీటరుకే ఇంత తేడా. మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి, ఏ గుంపో తెలియకుండా కొలవాలి.

ఇవన్నీ సరిచేశాక మూడు నాలుగు ఎలుకలతో చిన్న ట్రయల్ చేసి చూడండి. ఆ ఎలుకలకూ ఐఏఈసీ (సంస్థలోని జంతు నైతిక కమిటీ) అనుమతి కావాలి కాబట్టి, ప్రోటోకాల్ రాసేటప్పుడే వాటిని లెక్కలో కలపండి.