మీ పక్క రోడ్డుకి పాపీ బోర్డు తెప్పించాలంటే ఏం చెయ్యాలి

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి ప్లెజంటన్ వైపు 680 ఫ్రీవే మీద రోజూ తిరిగేవాళ్ళలో సునోల్ కొండల దగ్గర పువ్వు బొమ్మ ఉన్న బోర్డుని ఎంతమంది చూసుంటారో గానీ నేనైతే ఆరేళ్ళు చూడలేదు. మా నాన్న ఇండియా నుంచి వచ్చిన వారంలోనే "ఏరా, ఇక్కడ నర్సరీ ఏమన్నా ఉందా, పువ్వు బొమ్మ పెట్టారు" అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, అది గోల్డెన్ పాపీ, కాలిఫోర్నియా రాష్ట్ర పువ్వు, ఆ బోర్డు ఉందంటే ఆ ముక్క స్టేట్ సీనిక్ హైవే, అంటే చూడ్డానికి బాగుంటుందని రాష్ట్రం హోదా ఇచ్చిన రోడ్డు అన్నమాట.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మేం ఉండే వైపు కొండల మధ్యలో ఒక కౌంటీ రోడ్డు ఉంది, ఫిబ్రవరిలో పచ్చగా, జూన్‌కల్లా ఎండి గోధుమరంగులో, మధ్యమధ్యలో ఓక్ చెట్లు, వాటి కింద ఆవులు. దీనికెందుకు బోర్డు లేదు అని వాకింగ్ గ్రూపులో ఎవరో అన్నారు, అలా మొదలై రెండేళ్ళయింది. ఈ మధ్య ముగ్గురు నలుగురు తెలుగువాళ్ళు "మా ఊళ్ళో కూడా చెయ్యొచ్చా" అని అడిగారు కాబట్టి మేం తప్పులు చేసి నేర్చుకున్నదంతా ఒకచోట రాస్తున్నా.

ముందు ఒక సంగతి. ఈ బోర్డు రోడ్డు అందానికి ఇచ్చే బహుమతి కాదు. రోడ్డు పక్కన ఉన్న ఊరు "ఈ చూపుని మేం పాడుచెయ్యం" అని రాసిస్తే దానికి రసీదు లాంటిది. ఇది అర్థం కాకే మేం మొదటి ఏడాదంతా ఫోటోలు తీస్తూ కూర్చున్నాం.

ప్రోగ్రాం 1963లో రాష్ట్ర లెజిస్లేచర్ చట్టం చేసి పెట్టింది, నడిపేది కాల్‌ట్రాన్స్, అంటే రాష్ట్ర రవాణా శాఖ. మొట్టమొదట హోదా వచ్చింది బిగ్ సర్ దగ్గర హైవే 1కి, 1966లో అప్పటి అధ్యక్షుడి భార్య లేడీ బర్డ్ జాన్సన్ బిక్స్‌బీ బ్రిడ్జి దగ్గరికి వచ్చి ప్రారంభించింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం తీసుకెళ్ళి ఫోటో దింపే బ్రిడ్జి అదే.

ఇప్పుడు పని. మీ రోడ్డు స్టేట్ హైవే అయితే ముందు చట్టంలో ఉన్న ఎలిజిబుల్ లిస్టులో పేరుందో లేదో చూడండి, కాల్‌ట్రాన్స్ సైట్‌లో మ్యాప్ ఉంటుంది, అందులో ఎలిజిబుల్ అని ఒక రంగు, అఫీషియల్లీ డెజిగ్నేటెడ్ అని ఇంకో రంగు. ఎలిజిబుల్ అంటే అర్హత ఉంది అని మాత్రమే, దశాబ్దాలుగా అక్కడే ఉండిపోయిన రోడ్లు బోలెడు, ఎందుకంటే ఆ ఊరు ఎప్పుడూ అడగలేదు. లిస్టులో లేకపోతే మాత్రం లెజిస్లేచర్ చట్టం మార్చాలి, మీ అసెంబ్లీ మెంబర్ ఆఫీసు చుట్టూ తిరగాలి, అది వేరే యుద్ధం. మేం మొదట పట్టుకున్నది ఒక స్టేట్ రూట్, మూడు వారాంతాలు ఫార్మర్స్ మార్కెట్ ముందు టేబుల్ వేసుకుని సంతకాలు పట్టాక తెలిసింది అది లిస్టులో లేదని. ఆ కాగితాలు ఇంకా మా గరాజ్‌లోనే ఉన్నాయి. తర్వాత కౌంటీ రోడ్డుకి మారాం, కౌంటీ రోడ్లకి ఆ లిస్టు గొడవ లేదు, మిగతా పద్ధతంతా అదే.

రెండో విషయం, అప్లై చేసేది మీరు కాదు. సిటీ గానీ కౌంటీ గానీ చెయ్యాలి. మీ పనల్లా వాళ్ళచేత చేయించడం. కాబట్టి కౌన్సిల్ మీటింగ్‌కి పోయి మైకు ముందు మాట్లాడే ముందు ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్లానర్‌తో అరగంట అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెళ్ళేటప్పుడు "చాలా అందంగా ఉంటుందండి" అనే మాట ఇంట్లో పెట్టి వెళ్ళండి, అది వాళ్ళకీ తెలుసు. రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుంది, రెండు పక్కలా జోనింగ్ ఏంటి (ఏ భూమిని దేనికి వాడొచ్చనే రూల్), పెద్ద భూములు ఎవరివి, ఇవి పట్టుకెళ్ళండి. ముక్క కనీసం ఒక మైలు ఉండాలి, మధ్యలో తెగకూడదు, అంటే బాగున్న చోట్లే ఏరుకుని ఇక్కడ అర మైలు అక్కడ అర మైలు అంటే కుదరదు.

ఆ తర్వాత విజువల్ అసెస్‌మెంట్, అంటే రోడ్డు మీంచి ఏం కనిపిస్తుందో లెక్క రాయడం. ఇది అసలు సిటీ లేదా కౌంటీ చేసే పనే, కానీ స్టాఫ్‌కి టైముండదు, ముడిసరుకు మీరిస్తే కదులుతుంది. మేమెలా చేశామంటే, మా ఆవిడ డ్రైవింగ్, నేను పక్క సీట్లో ఫోను డ్రైవర్ కళ్ళ ఎత్తులో పట్టుకుని వీడియో, వెనక సీట్లో మా పాప ఓడోమీటర్ వైపు వంగి అర మైలుకోసారి "నౌ" అని అరవడం. కారులో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందన్నదే లెక్క, కొండెక్కి డ్రోన్‌తో తీసినవి పనికిరావు. రోడ్డు నుంచి కనిపించే ఆ పక్కల భూమినే కారిడార్ అంటారు, చూపు దూరంగా దిగంతం దాకా పోతుంటే ఎక్కడో ఒకచోట సబబుగా గీత గీస్తారు. ఇంటికొచ్చి వీడియో ఆపి ఆపి చూస్తే అప్పుడు కనిపించాయి మాకు: పైన్ చెట్టు వేషం వేసిన సెల్ టవర్ ఒకటి, దాని కొమ్మలు ఎండలకి వెలిసిపోయి పక్కనున్న నిజం చెట్ల మధ్య ఇంకా ఎబ్బెట్టుగా. ఒక మలుపులో నాలుగు వరసల కరెంటు తీగలు. కొండవాలుని తొలిచి సాపు చేసి వదిలేసిన ఎర్రటి మట్టి గాటు. రోజూ పోయే రోడ్డే, ఒక్కటీ గుర్తులేదు. వీటిని ఇంట్రూజన్లు అంటారు, చిన్నవి, ఓ మోస్తరువి, పెద్దవి అని వేరుచేసి రాస్తారు. ఉన్నంతమాత్రాన తిరగ్గొట్టరు, మొత్తం చూపుని మింగేస్తే తిరగ్గొడతారు. అందుకే దాచకండి, మీరే రాసిస్తే నమ్మకం ఉంటుంది. ఫోటోలు మాత్రం ఒక్క పచ్చని సీజన్‌లోనే తియ్యకండి, సెప్టెంబర్‌లో కూడా ఒకసారి వెళ్ళండి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, కారిడార్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం, అంటే ఆ చూపుని కాపాడటానికి ఊరు పెట్టుకునే రూల్స్. కాల్‌ట్రాన్స్ ఐదు విషయాలు చూస్తుంది. భూమి దేనికి వాడాలి, ఎంత దట్టంగా కట్టొచ్చు అన్న రూల్స్ ఉన్నాయా, కట్టే ముందు సైటు ప్లాన్ వివరంగా చూస్తారా, హోర్డింగులకి కట్టడి ఉందా, మట్టి తవ్వకాలూ చెట్లూ ఎవరైనా చూసుకుంటున్నారా, కట్టడాల రూపం ఎలా ఉండాలో చెప్తారా. వినగానే అమ్మో అనిపిస్తుంది గానీ వీటిలో చాలావరకు మీ ఊరి జోనింగ్ కోడ్‌లో, జనరల్ ప్లాన్‌లో ముందే ఉండొచ్చు, కొత్తగా రాయక్కర్లేదు, ఏది ఎక్కడుందో చూపిస్తే చాలు. నేను ఒక ఆదివారమంతా మా కౌంటీ కోడ్ తెరిచి ఐదు వరసల స్ప్రెడ్‌షీట్ వేశా, ఎదురుగా సెక్షన్ నంబర్లు. మూడు వరసలు నిండాయి, రెండు ఖాళీ. ప్లానర్ ఆ షీటు చూశాకే మా ఫైలుకి ఒక నంబరు వచ్చింది, అంతకుముందు ఏడాది పాటు పంపిన ఫోటోలకి "థాంక్యూ" తప్ప ఏం రాలేదు.

ఇక్కడే భూమి ఉన్నవాళ్ళు లేస్తారు, లేవాలి కూడా. మా దగ్గర తరాల నుంచి పశువులు మేపుకునే ఒక పెద్దాయన మీటింగ్‌లో లేచి "నా కొట్టానికి ఏ రంగు వెయ్యాలో కూడా మీరే చెప్తారా" అని అడిగాడు, హాల్లో సగం మంది చప్పట్లు. నిజం చెప్పాలంటే ఆయన దగ్గరికి మేం ముందే పోయుండాల్సింది. తర్వాత వెళ్ళి కంచె దగ్గర నిలబడే మాట్లాడాం. ఉన్నది తీసెయ్యమని ఎవరూ అనరు, బోర్డు వల్ల కాల్‌ట్రాన్స్ కొత్త రూల్ ఏదీ పెట్టదు, రూల్ ఉంటే అది కౌంటీదే, పైగా పశువుల మేత భూమి అలాగే ఉండటమే ఈ ప్రోగ్రాంకి కావాల్సింది. ఆయన ఒప్పుకోలేదు గానీ ఎదురు చెప్పడం మానేశాడు. స్థానికంగా గట్టి మద్దతు చూపించమని కూడా అడుగుతారు కాబట్టి ఈ మాటలు సంతకాల కంటే ముందు జరగాలి.

అవన్నీ అయ్యాక ప్లానింగ్ కమిషన్, తర్వాత సిటీ కౌన్సిల్ లేదా కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డు తీర్మానం, ఫైలు కాల్‌ట్రాన్స్ జిల్లా ఆఫీసుకి, ఆఖరి సంతకం కాల్‌ట్రాన్స్ డైరెక్టర్‌ది. అక్కడితో అయిపోదు, ఐదేళ్ళకోసారి మాట మీద ఉన్నారా లేదా అని చూస్తారు, లేకపోతే హోదా వెనక్కి తీసుకోవచ్చు.

ఇంత కష్టపడితే వచ్చేదేంటి అంటే, డబ్బులు మాత్రం రావు. స్టేట్ సీనిక్ హైవేకి 1000 అడుగుల లోపు కొత్తగా వేసే కరెంటు, ఫోన్ లైన్లు వీలైతే భూమిలోంచే పోవాలని చట్టం ఉంది. సీక్వా (కాలిఫోర్నియా పర్యావరణ చట్టం) కింద ఏ ప్రాజెక్టు పరిశీలించినా ఆ హైవే పక్క చెట్లకీ, బండరాళ్ళకీ, పాత కట్టడాలకీ దెబ్బ తగులుతుందా అనే ప్రశ్నకి విడిగా జవాబు రాయాలి. హోర్డింగులు ఆగుతాయి. రోడ్డు వెడల్పు చెయ్యడం మాత్రం ఆగదు, సునోల్ దగ్గర 680 మీదే 2010లో ఎక్స్‌ప్రెస్ లేన్ వచ్చింది కదా.

సియాటిల్ వైపు, అంటే వాషింగ్టన్ రాష్ట్రం వాళ్ళకి: మీ దగ్గర పేరు సీనిక్ అండ్ రిక్రియేషనల్ హైవేస్, 1967 చట్టం. అక్కడ రూట్ల పేర్లు చట్టంలోనే రాసి ఉంటాయి కాబట్టి కొత్తది చేర్చాలంటే లెజిస్లేచర్‌కి పోవాల్సిందే. మీరు లెవెన్‌వర్త్‌కి పోయే స్టీవెన్స్ పాస్ రోడ్డూ, చలికాలంలో హిమపాతాల భయంతో మూసేసే నార్త్ క్యాస్కేడ్స్ హైవే కూడా అందులోవే. ఏ రాష్ట్రమైనా నేషనల్ సీనిక్ బైవే అనే కేంద్రం హోదా ఇంకో మెట్టు, 1991లో మొదలైంది, అందం, చరిత్ర, సంస్కృతి, ప్రకృతి, వినోదం, పురావస్తువులు అనే ఆరింటిలో ఒకటి ఉంటే బైవే, రెండుంటే ఆల్ అమెరికన్ రోడ్. రాష్ట్రంలో పని కాకుండా దాని జోలికి పోకండి.

మా ఫైలు ప్రస్తుతం ప్లానింగ్ కమిషన్ ముందుంది, రెండు ఖాళీ వరసల్లో ఒకటి నిండింది, మట్టి తవ్వకాలది ఇంకా ఉంది. పోయిన నెల ఆ పెద్దాయన నుంచి ఒక మెసేజ్ వచ్చింది, మాట లేదు, ఒక్క ఫోటో: ఆయన కంచెకి ఎదురుగా ఎవరో కొత్తగా పాతిన పెద్ద హోర్డింగు, పక్కనే ఆయన ఆవు.