సింథ్ మాడ్యూల్‌కి తెలుగు అక్షరాల ప్యానెల్: బరంపురంలో చేయించుకోవడం ఎలా?

బరంపురంలో బళ్ల నంబర్ ప్లేట్లకు స్టిక్కర్ ముద్రించి కోసే రేడియం షాపు చాలు, యూరోరాక్ మాడ్యూల్‌కి, అంటే ఒకే పెట్టెలో పక్కపక్కన బిగించే సింథసైజర్ (ఎలక్ట్రానిక్ సంగీత వాద్యం) భాగానికి, ఫ్రంట్ ప్యానెల్ తయారవుతుంది. కొలతలూ ఫైలూ మాత్రం మీవే. ఉదాహరణకు 8 హెచ్‌పీ (హెచ్‌పీ అంటే ప్యానెల్ వెడల్పు కొలత) ఫిల్టర్ తీసుకుందాం: మూడు నాబ్‌లు, నాలుగు జాక్‌లు.

రేకు 2 మి.మీ. అల్యూమినియం. ఎత్తు 128.5, వెడల్పు 40.3 మి.మీ. ఒక హెచ్‌పీ అంటే 5.08 మి.మీ. కాబట్టి లెక్కకి 40.64 రావాలి, ఆ కాస్తా తగ్గించకపోతే పక్క మాడ్యూల్‌తో ఒరుసుకుంటుంది. స్క్రూ రంధ్రాలు 3.2 మి.మీ., పై, కింది అంచులకు 3 మి.మీ. లోపల, ఎడమ అంచు నుంచి 7.5 దగ్గర ఒకటి, 32.9 దగ్గర ఒకటి. వెనక మాడ్యూల్‌ను బిగించే పెట్టె పట్టాలు తగులుతాయి, అందుకే పైనా కిందా 10 మి.మీ. ఖాళీగా వదలండి.

నాబ్‌లు పైన, జాక్‌లు కింద. తిరగేస్తే వేలాడే కేబుళ్లు నాబ్‌లను కప్పేస్తాయి. కటాఫ్‌కి (ఫిల్టర్ ధ్వనిని ఎక్కడ కోయాలో తిప్పి చెప్పేది) 20 మి.మీ. నాబ్, పై అంచు నుంచి 32 దగ్గర, నడిమధ్య. మిగతా రెండూ 12 మి.మీ. నాబ్‌లు, 60 దగ్గర, ఒకదానికొకటి 20 దూరంలో. నడుమ 8 మి.మీ. ఖాళీ లేకపోతే వేళ్లు పట్టవు. ఇన్‌పుట్ జాక్‌లు మూడు 86 దగ్గర 12.5 ఎడంతో, ఔట్‌పుట్ ఒంటరిగా 106 దగ్గర. ఔట్‌పుట్ చుట్టూ నిండు రంగు గడి వేయండి. తెలుగు చదవని ఒడియా స్నేహితుడూ చూడగానే గుర్తుపడతాడు.

అసలు కష్టం అక్షరాల దగ్గర. ఇంగ్లీషు పేరు 2 మి.మీ. ఎత్తున సరిపోతుంది, తెలుగుకి పైన గుణింతం, కింద వత్తు. ‘ఫిల్టర్’లో ల కింది ట చిన్న సైజులో మసకబారుతుంది, ‘కటాఫ్’లో ఫ కింది గీత కలిసిపోయి ‘కటాప్’ అవుతుంది. అక్షరం ఒంటి ఎత్తే 3 మి.మీ. పెట్టి, వత్తులకు కింద మరో 2 వదలండి. పేరు ఎప్పుడూ జాక్ పైనే, కింద రాస్తే ప్లగ్ మాటున పడుతుంది. నల్లటి నేల మీద తెల్ల అక్షరాలైతే సన్న ఫాంట్ వద్దు: సిరా పరుచుకుని గీతలు పూడుకుపోతాయి.

వినైల్ స్టిక్కర్ మీద ముద్రించడానికి షాపుకి పీడీఎఫ్ ఇచ్చేముందు అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంట్‌తో పనిలేని గీతలుగా) మార్చండి. లేదంటే వాళ్ల కంప్యూటర్‌లో ఫాంట్ మారిపోయి వత్తులు విడిపడతాయి. కాగితం మీద 100 శాతం సైజులో ప్రింట్ తీసి, ఎత్తు 128.5 ఉందో లేదో స్కేలుతో చూడండి. ‘ఫిట్ టు పేజ్’ ఉంటే 4 మి.మీ. దాకా తగ్గి రంధ్రాలు పట్టాలకు అందవు.

ఆ కాగితాన్నే రేకుకి అతికించి, పంచ్‌తో గుర్తులు కొట్టి, చెక్క మీద బిగించి డ్రిల్ చేయండి. జాక్‌లకు 6.2, పాట్‌లకు (నాబ్ తిప్పే భాగాలకు) 7.2 మి.మీ. స్టెప్ బిట్ (మెట్లు మెట్లుగా లావయ్యే డ్రిల్ బిట్) వాడితే రంధ్రం గుండ్రంగా వస్తుంది, మామూలు బిట్ పల్చని రేకును మూడు మూలలుగా కొరుకుతుంది. ఒక చుక్క కిరోసిన్ వేస్తే అల్యూమినియం బిట్‌కి అంటుకోదు.

అంచులు రుద్ది, తుడిచి, సబ్బునీళ్లు చల్లి, షాపులో ముద్రించిన మ్యాట్ (మెరుపులేని) వినైల్ అతికించండి. గ్లాసీ రకం లైటు కింద మెరిసి చదవనివ్వదు. ఆరాక వెనకనుంచి బ్లేడుతో రంధ్రాలు కోయండి. గోపాలపూర్ వైపు ఉప్పుగాలికి రేకు తెల్లగా పొడిబారుతుంది, కనుక అంచులకు క్లియర్ లాకర్ పూయండి. నట్ కింద వాషర్ తప్పనిసరి. అది లేకుండా బిగిస్తే నట్ వినైల్‌ను మెలిపెట్టి, పక్కనున్న అక్షరంతో సహా లాగేస్తుంది.