ఈగర్ నుంచి అపథీ దాకా: ఇంగ్లిష్ మాటల్ని మూలంతో గుర్తుపెట్టుకోవడం ఎలా?

విజయనగరంలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లల నోట్సు తిరగేస్తే ఈగర్, కీన్, యాంక్షస్, అన్నిటి ఎదురుగా ఒకటే అర్థం కనిపిస్తుంది: ఆసక్తి గల. అలా బట్టీ పడితే ఖాళీలు పూరించే ప్రశ్న రాగానే టెన్షన్ తప్పదు. అర్థం కంటే ముందు మూలం రాసుకోండి.

మొదట ఈగర్ తీసుకోండి. లాటిన్‌లో దీని మూలానికి పదును, పులుపు అని అర్థం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. వెనిగర్ చివర ఉన్నదీ ఇదే: పులిసిన వైన్. కీన్ అంటే పాత ఇంగ్లిష్‌లో ధైర్యం గల అని. పదును అనే అర్థం తర్వాత చేరింది.

ఎంథూజియాజం దగ్గర మాత్రం కాస్త ఆగండి. గ్రీకులో ‘ఎన్’ అంటే లోపల, ‘థియోస్’ అంటే దేవుడు. పైడితల్లమ్మ పండగ చూసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) గుడికీ కోటకీ మధ్య తిరుగుతుంటే, జనంలో ఎవరికో జుట్టు విడిపోయి, ఒళ్లు ఊగిపోయి పూనకం వస్తుంది చూడండి, అదీ ఈ మాట పుట్టుక. 17వ శతాబ్దపు ఇంగ్లండులో మాత్రం ఇది తిట్టే. దేవుడు నేరుగా తమతోనే మాట్లాడాడని చెప్పుకునేవాళ్లను అలా ఎద్దేవా చేసేవారు. పొగడ్త కావడానికి చాలాకాలం పట్టింది.

తర్వాత యాంక్షస్. లాటిన్‌లో గొంతు నొక్కడం అనే మాటకు చుట్టం. ‘అయామ్ యాంక్షస్ టు జాయిన్’ అనడం తప్పు కాదు గానీ, అందులో కంగారు వినిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఈగర్ అనడమే నయం.

ఇక పట్టనితనం. నాన్‌షలాంట్‌కు మూలం లాటిన్‌లో వేడిగా ఉండటం. పట్టించుకుంటే వేడెక్కుతాం, ఇతను వేడెక్కడు. మన నిమ్మకు నీరెత్తిన మనిషే. అపథీ అంటే గ్రీకులో ఉద్వేగం లేకపోవడం. స్టోయిక్ తత్వవేత్తలు దాన్ని సాధించదగ్గ స్థితి అనుకున్నారు, గీతలోని స్థితప్రజ్ఞుడికి దగ్గరగా. ఇప్పుడేమో దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉండేవాళ్లకు వాడుతున్నాం!

పరీక్షల్లో ఎక్కువమంది తడబడే జంట ఒకటుంది: డిసింట్రెస్టెడ్, అనింట్రెస్టెడ్. మొదటిది స్వప్రయోజనం లేకపోవడం, రెండోది ఆసక్తి లేకపోవడం. జడ్జి మొదటి రకంగా ఉండాలి, రెండో రకమైతే కేసు గల్లంతే.

రోజుకు రెండు మాటలు చాలు. ఒక్కోదానికి మీ ఊరి మనిషిని పెట్టి సొంతంగా వాక్యం రాయండి. జీల్ (గట్టి ఉత్సాహం), జెలస్ (అసూయ గల) రెండూ ఒకే గ్రీకు మాట పిల్లలు. ముందు వాటితో మొదలుపెట్టండి.