బ్యాంకు వేలంలో ఇల్లు కొంటున్నారా? ధరావతు కట్టే ముందే చూసుకోవలసినవి

అప్పు తీర్చలేకపోయినవారి ఇళ్లను, ఫ్లాట్లను బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వేలం వేస్తుంటాయి. ఆ ప్రకటనలలో రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, చుట్టుపక్కల ధర కంటే తక్కువగా కనిపించేసరికి, అమ్మేది బ్యాంకే గదా, ఇందులో చిక్కేముంటుందని ముందుకు వచ్చేవారు చాలామంది ఉన్నారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు. ప్రకటన అడుగున చిన్న అక్షరాలలో ‘ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అన్న షరతు ఉంటుంది. హక్కు పత్రాలలోని లోపం, పాత బకాయిలు, ఇంట్లో ఉంటున్న మనిషి, వీటన్నిటి భారాన్నీ ఆ ఒక్క వాక్యం కొనేవారి మీదికి నెడుతుంది. ధర తగ్గడానికి చాలావరకు కారణం కూడా అదే.

ప్రకటనలో రిజర్వు ధర కంటే ముందు చదవవలసినది స్వాధీనం గురించిన గడి. అక్కడ ‘భౌతిక స్వాధీనం’ అని ఉంటే తాళం బ్యాంకు దగ్గర ఉన్నట్లు. ‘సింబాలిక్’ అని ఉంటే గోడకు నోటీసు అంటించి, రెండు పత్రికలలో ప్రకటన వేయించారన్నంత వరకే. అప్పు తీసుకున్న కుటుంబం ఆ ఇంట్లోనే వంట చేసుకుంటూ ఉండవచ్చు. వారిని ఖాళీ చేయించాలంటే బ్యాంకు 14వ సెక్షన్ కింద కలెక్టరునో మేజిస్ట్రేటు కోర్టునో ఆశ్రయించాలి. చట్టం ఆ ఉత్తర్వుకు 30 రోజులు, కారణాలు రాసి గరిష్ఠంగా 60 రోజులు గడువు పెట్టింది గానీ, ఆచరణలో నెలలు గడిచిపోవడం మామూలే. అంతకాలం మీ అద్దె, మీ గృహరుణం వాయిదా రెండూ నడుస్తూనే ఉంటాయి కనుక, ఆ ఖర్చును ముందే లెక్కగట్టి, అంత తగ్గించి పాట పాడడం వివేకం.

బ్యాంకు చూపించే తనిఖీ రోజుతో సరిపెట్టుకోక, మరో సాయంత్రం విడిగా వెళ్లండి. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో, ఆ ఇంట్లో ఎన్నాళ్లుగా ఎవరుంటున్నారో వాచ్‌మన్‌నూ పక్కింటివారినీ అడగండి. అద్దెదారు ఉన్నట్లు తేలితే ఆయన ఎప్పుడు దిగారన్నది కీలకం. తనఖా పెట్టడానికి ముందే రిజిస్టరైన లీజు ఉంటే దాని గడువు తీరేదాకా ఆయనను కదిలించడం కష్టం. రిజిస్టరు కాని కాగితం చూపించేవారికి ఏడాదికి మించి రక్షణ ఉండదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. బ్యాంకు నుంచి 60 రోజుల డిమాండు నోటీసు అందాక, బ్యాంకు లిఖితపూర్వక అనుమతి లేకుండా లీజుకిచ్చే అధికారం యజమానికి లేదు. పాత తేదీ వేసి పుట్టించిన ఒప్పందాలు ఇలాంటి ఇళ్లలో తరచు బయటపడతాయి. స్టాంపు కాగితం ఎప్పుడు కొన్నారో దాని వెనుక చూస్తే కొంత తెలిసిపోతుంది.

పత్రాల విషయంలో, బ్యాంకు లాయరు రుణం ఇచ్చేటప్పుడు రాసిన అభిప్రాయం మీకోసం రాసినది కాదు. 30 ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించి, పాత యజమానుల నాటి లింకు డాక్యుమెంట్లతో సరిపోల్చి, సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు చేయని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు) పరిధిలోకి వస్తుందేమో చూసుకోవాలి. అన్నదమ్ముల భాగ పంపకాల దావాలు సాధారణంగా ఈసీలో కనిపించవు; యజమాని పేరుతో కోర్టుల వెబ్‌సైట్లో వెతికించడం మంచిది. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు గనుక, కాగితాలలో ప్లాటుగా ఉన్నది నేల మీద నేటికీ సాగులో ఉంటే ఆ వేలానికి దూరంగా ఉండడమే మేలు.

అప్పు మొత్తం కట్టి ఆస్తిని విడిపించుకునే హక్కు యజమానికి వేలం ప్రకటన వెలువడేదాకానే ఉంటుందని 2016 సవరణను అనుసరించి సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. అయితే నోటీసులలో లోపముందంటూ యజమాని డీఆర్‌టీకి, అంటే రుణ వసూలు ట్రిబ్యునల్‌కు, వెళ్లే దారి మూసుకుపోలేదు. వేలం జరగనిచ్చి అమ్మకం ఖరారును మాత్రం ఆపడం ఆ ట్రిబ్యునళ్లలో తరచు జరిగేదే. హైదరాబాదు, విశాఖపట్నం డీఆర్‌టీల మీద అప్పీలుకు కోల్‌కతాలోని అప్పీలు ట్రిబ్యునల్ దాకా వెళ్లాలన్న సంగతి కొందరికి డబ్బు చిక్కుకున్నాక గానీ తెలియదు. పెండింగు కేసుల వివరాలను వేలం నడిపే బ్యాంకు అధీకృత అధికారి నుంచి వేలానికి ముందే లిఖితపూర్వకంగా తీసుకోండి. నోటి మాటకు విలువ లేదు.

డబ్బు గడువులు మరీ కఠినం. పాట దక్కిన రోజునో మరుసటి పనిదినానికో ధరావతుతో కలిపి 25 శాతం, ఖరారైన 15 రోజులలో మిగతా 75 శాతం కట్టాలి. ఆ గడువును పెంచితే లిఖితపూర్వకంగానే, మొత్తం మీద మూడు నెలలకు మించకుండా పెంచాలి. తప్పితే కట్టినదంతా జప్తవుతుంది. ఆ జప్తు సబబేనని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘లోను శాంక్షన్ అయిపోతుంది లెండి’ అన్న ఏజెంటు మాట నమ్మి పాటకు దిగవద్దు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ ఎవరి పాన్ మీద కట్టాలో కూడా బ్యాంకునే అడగాలి.

ఆస్తిపన్ను, అపార్ట్‌మెంట్ సంఘం బకాయిలతో పాటు పాత కరెంటు బకాయి సంగతీ కనుక్కోండి. కొత్త కనెక్షన్ ఇవ్వడానికి ముందటి యజమాని బాకీని అడిగే నిబంధన పెట్టుకోవచ్చని 2023లో సుప్రీంకోర్టు అంగీకరించింది. చివరగా సేల్ సర్టిఫికెట్ చేతికి వచ్చినప్పుడు హద్దులు, ఫ్లాటు నంబరు, అవిభాజ్య భూమి వాటా పాత దస్తావేజుతో అక్షరం పొల్లుపోకుండా సరిచూసి, ఒరిజినల్ పత్రాలను జాబితా ప్రకారం లెక్కపెట్టుకుని సంతకం చేసి, ఆలస్యం లేకుండా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి.