గడ్డకట్టని జామ జెల్లీ ఎలా బాగుపడిందంటే

విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో కొన్న బాగా మగ్గిన జామపళ్లతో అక్క జెల్లీ చేసింది. మర్నాటికీ సీసా వంచితే పాకం పాకంగానే జారుతోంది. "పారబోసేయనా?" అని ఫోన్ చేస్తే వద్దన్నాను.

జెల్లీని నిలబెట్టేది పండులోని పెక్టిన్ అనే పీచు పదార్థం. దాని అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. వాటి మీద రుణావేశం (నెగటివ్ చార్జి) ఉంటుంది కాబట్టి రసంలో ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. పులుపు తగిలితే ఆ ఆవేశం తగ్గుతుంది, చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది. అప్పుడు గొలుసులు వలలా అల్లుకుని, నీటిని మధ్యలో పట్టి ఉంచుతాయి. దీనికి పీహెచ్ (పులుపు కొలత; ఎంత తక్కువైతే అంత పులుపు) సుమారు 3, చక్కెర 60-65 శాతం కావాలి. బాగా పండిన జామలో ఎంజైములు పెక్టిన్‌ను అప్పటికే ముక్కలు చేసేసి ఉంటాయి. చిక్కంతా అక్కడే.

అందుకే పెక్టిన్ ఇంకా చెక్కుచెదరని దోర జామకాయలు అరకిలో కోసి, మునిగేంత నీళ్లలో మెత్తగా ఉడికించి, గుడ్డలో వేలాడదీసి రసం దింపాం. పిండితే మాత్రం జెల్లీ మసకబారుతుంది. ఆ రసం, కాస్త నిమ్మరసం పాత జెల్లీలో కలిపి, దానికి తగ్గ చక్కెర వేసి, పెద్ద మంట మీద 105 డిగ్రీలు వచ్చేదాకా మరిగించాం. విశాఖలో ఈ లెక్క సరిపోతుంది. ఎత్తున ఉన్న అరకులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, అక్కడ సుమారు మూడు డిగ్రీలు తగ్గించుకోవాలి. థర్మామీటరు లేకపోతే టెన్షన్ వద్దు: గరిటె పక్కకు వంచినప్పుడు రెండు చుక్కలు కలిసి పొరలా జారితే దించేయొచ్చు.

ఈసారి చెంచాతో కోస్తే ముక్క నిలువుగా నిలబడింది. చల్లారేటప్పుడు సీసాలు కదపకండి, అల్లుకుంటున్న వల తెగితే మళ్లీ సరిగా కట్టదు.