ఒడియా ఇంటితో 'మకర' కట్టుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూరు వైపు కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లు ముందు తడబడేది ఒక మాట దగ్గర. మనకు బంధువంటే చుట్టం, ఒడియాలో 'బంధు' అంటే స్నేహితుడనీ అర్థం. పక్కింటాయన మిమ్మల్ని బంధు అన్నాడని వియ్యానికి వస్తున్నాడనుకోకండి.

ఆ మామూలు స్నేహానికి పైమెట్టు 'మకర'. మకర సంక్రాంతి నాడు ముడిపడితే జీవితాంతం ఉంటుంది. 'మకర బసిబా' అంటారు, అంటే మకర కూర్చోవడం. శ్రీకాకుళం వైపు నేస్తం కట్టడం ఎరిగినవాళ్లకు ఇది కొత్తేం కాదు. సాధారణంగా మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో కట్టుకుంటారు. ముందుగా రెండిళ్ల పెద్దలకూ చెప్పండి. చాటుగా కట్టుకున్న మకర రేపు పెళ్లిళ్లలో, చావుల్లో చెల్లదు.

ముడి వేసేది 'మకర చాఉళ', అంటే నానబెట్టిన కొత్త బియ్యంతో చేసే నైవేద్యం. నలుగురికి ఒక గ్లాసు కొత్త బియ్యం కడిగి రెండు మూడు గంటలు నానబెట్టండి. వడకట్టి, గుడ్డమీద తడి ఆరనిచ్చి, రవ్వలా దంచండి. మెత్తటి పిండైతే పాలు పోయగానే జావ అయిపోతుంది. అరచిప్ప కొబ్బరి కోరు, అర గ్లాసు బెల్లం తురుము, రెండు అరటిపళ్లు, చిటికెడు మిరియాల పొడి, కొద్దిగా అల్లం, చెరకు ముక్కలు కలపండి. కాచి పూర్తిగా చల్లార్చిన పాలు చివర్లో పోయండి. పాలు వేడిగా ఉంటే బెల్లానికి విరుగుతాయి. అల్లం ఎక్కువైతే చేదెక్కుతుంది. ఇది నిలవ ఉండే వంట కాదు, మధ్యాహ్నంలోపే తినేయాలి.

నైవేద్యం పెట్టాక ఒకరికొకరు తినిపించుకోండి. ఇక పేరు పెట్టి పిలవకూడదు, ఇద్దరూ 'మకర' అనే పిలుచుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే, పాత అలవాటున పేరు నోట్లోంచి జారిపోతుంది. ఇంకో చిక్కు సర్వనామాలది: మనకు నువ్వు, మీరు రెండే; ఒడియాలో తు, తుమె, ఆపణ మూడు. 'నువ్వు'కు బదులని 'తు' వాడితే చిన్నబుచ్చినట్టవుతుంది. 'తుమె' వాడండి.

మన ఇళ్లలో సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టుకునే పని ఉంటుంది కాబట్టి వేళ ముందే మాట్లాడుకోండి. కనుమకు భోజనానికి పిలిచేటప్పుడు వారం చూసుకోండి. గురువారం చాలా ఒడియా ఇళ్లలో నీచు ముట్టరు. ఆ రోజు మాంసం వండి పిలిచి, తినలేదని నొచ్చుకోవడం మన తప్పే.

సంక్రాంతి దాటిపోతే పూరీ మహాప్రసాదంతోనూ ముడి వేసుకోవచ్చు. అప్పుడు పిలుపు 'మహాప్రసాద్'. అది తినడానికి కులం పట్టింపు లేదు. ఇంతదూరం అన్నం పాడవుతుంది కనుక 'నిర్మాల్యం', అంటే ఎండబెట్టిన మహాప్రసాదం అన్నం, తెప్పించుకోండి. తడి తగలకుండా మూతడబ్బాలో ఉంచితే నాలుగు గింజలు చాలు.